వచనరచయిత దినచర్య

కవిత్వము చెప్పుటకు ప్రతిభ కావలయుననియు, ఛందోవ్యాకరణములు కావలయుననియు, పెద్దలయొద్ద శుశ్రూష కావలయుననియు ఒప్పుకొనువారే, వచనము వ్రాయుటకు మాత్రము కాగితమును తీరికయును ఉన్న చాలునని తలచుచుండుట మేము తఱచుగా చూచుచున్నాము. పద్యమున గణము తప్పినచో బడిపిల్లవాడైనను పట్టుకొనును. వచనమున వాక్యము కుంటినను, ఒకచోట చెప్పినదానికి వేఱొకచోట విరుద్ధముగా చెప్పినను, ఊహను నిజముగా నిలిపి చూపినను అడుగువారు లేరు. పైనుండి నియమము విధించువారు లేనిచోట ఎవరి నియమమును వారే కల్పించుకొనవలసి యుండును. అట్టి నియమము లక్షణగ్రంథములలో దొరకదు. రచయిత ప్రొద్దు గడపు తీరులో దొరకును. అందుచేత ఒక వ్యాసకర్తనుగాని చరిత్రకారునిగాని విమర్శించునపుడు ఆతని భాషను భావమును పరీక్షించి యూరకుండక, ఆతడు ఏ వేళ చదివెను, ఏ వేళ వ్రాసెను, వ్రాసినదానిని మరల నెప్పుడు చూచెను అని విచారించుటయు విమర్శకుని పనియే యని మా యభిప్రాయము.

ఈ విచారణ మనకు క్రొత్తది గాదు. పదవ శతాబ్ది ప్రారంభకాలపు రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో కవి దినచర్యను విపులముగా వర్ణించెను. 1916 లో బరోడా గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలకు మొదటి సంపుటముగా ఆ గ్రంథము అచ్చుపడిన తరువాతనే దాని పేరు పండితలోకమున విరివిగా వినబడసాగెను. అందు పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములుగా విభజింపబడినవి. సంధ్య తీర్చి సరస్వతిని స్తుతించిన పిదప మొదటి జాము చదువునకు, రెండవ జాము రచనకు ఏర్పడినవి. భోజనానంతరము కావ్యగోష్ఠి. నాలుగవ జామున ఒంటరిగానో, కొలదిమంది యాప్తులతోనో కూర్చుండి పూర్వాహ్ణమున వ్రాసినదానిని పరీక్షింపవలయును. ఆ పరీక్షకు నిలిచినదానిని రాత్రి మొదటి జామున శుభ్రముగా ఎక్కించుకొనవలయును. తక్కిన విభాగముల మాట యెట్లున్నను, నాలుగవ జామునకు అతడు చూపిన కారణము మమ్ము మిక్కిలి యాకర్షించినది. రచనావేశములో నున్నవానికి మంచిచెడ్డలను వేఱుచేయు చూపు ఉండదనియు, ఆవేశము చల్లారిన తరువాత ఆ చూపు తిరిగి వచ్చుననియు అతడు గుర్తించెను. రచయితయు పరీక్షకుడును ఒక దేహములోనివారే యైనను, ఇరువురును ఒకే గడియలో మేలుకొని యుండరన్నమాట.

గ్రంథములు నశించుటకు గల హేతువులను చెప్పుచు అతడు నిప్పును నీటిని పేర్కొని తృప్తిపడలేదు. ముగించుటను, దిద్దుటను, మిత్రులతో చర్చించుటను రేపటికి వాయిదా వేయు నలవాటును దేశోపద్రవము సరసన కూర్చుండబెట్టెను. ఇది చదివినపుడు మాకు నవ్వు వచ్చినది. ఇంటిపని తెచ్చి చూపుమన్నపుడు మా బడిపిల్లలు చెప్పు మాటలే వేయేండ్ల క్రిందటి కవులును చెప్పియుండిరి కాబోలు!

అయితే రాజశేఖరుని కవికి జీవనోపాధి చింత లేదు. ఆతని యింట ఉద్యానములు కలవు. పరిచారకులు ఏ భాషలో మాటలాడవలయునో కూడ శాస్త్రకారుడు నిర్ణయించి పెట్టెను. మన తెలుగు వచనమును నిలువబెట్టినవారిలో పెక్కుమందికి అట్టి భాగ్యము లేదు. వారు బడులలో పంతుళ్ళు, కచేరీలలో ఉద్యోగులు, సంస్థానములలో దివానులు. వారికి దొరకినది ఉద్యోగము తినగా మిగిలిన ప్రొద్దు. ఆ మిగిలిన ప్రొద్దుతో వారేమి చేసిరో తెలిసికొనుటకు మేము దూరము పోనక్కఱలేదు. మా కడియమునుండి కొలదిమైళ్ళ దూరమున ధవళేశ్వరము కలదు. 1874 లో అచటి పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండిన ఇరువదియాఱేండ్ల కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ యేడే బాలికలకు ఒక బడి పెట్టిరి. ఆ యేడే వివేకవర్ధని యను మాసపత్రికను మొదలుపెట్టిరి.

అంతకుముందు పంతులుగారు వ్రాసిన వ్రాత యెట్టిదో చూచినగాని ఈ పత్రిక వారికి చేసిన మేలు తెలియదు. వారు శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించినవారు. పెదవులు తగులు అక్షరము రాకూడదు, సంస్కృతపదము రాకూడదు, నడుమ వచనము రాకూడదు. ఇది గారడి; గొప్ప గారడియే గాని గారడి. దీనికి గడువు లేదు. ఒక పద్యము నెల పట్టినను అడుగువారుండరు. పత్రిక పెట్టినది మొదలు ఆ తీరిక పోయినది. పగలెల్ల బడి, మిగిలిన ప్రొద్దులో సంచిక. మొదట చెన్నపట్టణమున అచ్చువేయించుచుండి, పిదప రాజమహేంద్రవరమున సొంత ముద్రాక్షరశాల నెలకొల్పుకొనిరి. అచ్చుకూర్చువాడు వచ్చి నిలుచుండి కాగితమడుగుచుండగా నిరోష్ఠ్యము వెదకుకొనుటకు వీలుండదు. చెప్పదలచినది ఏమి, అది ఎవరికి, ఎన్ని పుటలలో అను మూడు ప్రశ్నలే మిగులును. తేట తెలుగు వచనము పంతులుగారికి ఎట్లు సిద్ధించినదని యడుగువారికి మేము చెప్పు సమాధానము: సగము వారి బుద్ధిబలముచేతను, సగము అచ్చుయంత్రము పెట్టిన గడువుచేతను.

గడువుతోపాటు భయమును మేలు చేసినది. వివేకవర్ధని లంచములు తిను నుద్యోగులను, న్యాయస్థానములలోని యక్రమములను బయలుపెట్టిన పత్రిక. ఆధారములేని మాట వ్రాసినచో అభియోగము వచ్చును. ఉద్యోగము పోయినను పోవును. కాబట్టి వినినదానిని వినినట్లు వ్రాయుటకు వీలులేదు. ఎవరు చెప్పిరి, ఏ కాగితమున నున్నది, ఆ కాగితమెవరియొద్ద నున్నది అని చూచుకొనవలయును. చెప్పిన ప్రతి మాటకును పూచీ పడు నలవాటు అలంకారశాస్త్రమునుండి వచ్చినది గాదు. ఇట్టి పనినుండియే వచ్చినది. 1911 లోను 1915 లోను రెండు భాగములుగా వెలువడిన వారి స్వీయచరిత్రమును చదివినవారికి ఇది స్పష్టమగును. ఉత్తరములు, సభావృత్తాంతములు, వాదప్రతివాదములు అందు రాసులుగా కలవు. నలువది యేండ్లనాటి కలహము చెప్పవలసివచ్చినను వారు జ్ఞాపకమును మాత్రమే నమ్ముకొని చెప్పరు. కాగితములను పాఱవేయక దాచుట రచయిత దినచర్యలో ఒక భాగమని మనవారు ఇంకను గుర్తింపలేదు. ఒక్కరోజున ఎవరును అంత సంచయము కూర్చుకొనజాలరు.

ఈ గుణమే ఆ గ్రంథమునకు దోషము నైనదని చెప్పక తప్పదు. స్వీయచరిత్రము పెక్కుచోట్ల చరిత్రముగా సాగక దస్త్రముగా పేరుకొనును. ఎవరికో ఇచ్చిన ప్రత్యుత్తరము, దానికి వారిచ్చిన ప్రత్యుత్తరము, దానిపై మరల వీరి మాట — ఇట్లు పుటలు గడచును. నాటి ప్రతిపక్షుల పేర్లే మఱచిపోయిన నేటి చదువరి ఆ పుటలను త్రిప్పివేయును. దీనికి కారణము పంతులుగారి స్వభావములోని కాఠిన్యమని కొందఱందురు. మేము పత్రికాభ్యాసమని తలచుచున్నాము. పత్రికాలేఖకుడు నేటి వాదమునకు నేడే సమాధానము చెప్పి రేపటి సంచికకు పోవును. తిరిగి చూచుకొనుట ఆతనికి కుదరదు. ముప్పది యేండ్లు అట్లు వ్రాసిన చేయి గ్రంథమును వ్రాయునపుడును సంచికనే వ్రాయును. రాజశేఖరుని రెండవ జామును అచ్చుయంత్రము పంతులుగారిచేత చక్కగా చేయించెను. నాలుగవ జామును మాత్రము కాజేసెను.

అయినను వారు ఆ జామును బొత్తిగా పోగొట్టుకొనలేదనుటకు కవుల చరిత్రము సాక్షి. తెలుగు కవుల కాలములను, కృతులను, ఆశ్రయదాతలను విచారించి పంతులుగారు దాని తొలికూర్పును పందొమ్మిదవ శతాబ్దిలోనే ప్రకటించిరి. తరువాత శాసనములు బయలుపడెను, వ్రాతప్రతులు దొరకెను, ఇతరులు దానిపై విమర్శలు వ్రాసిరి. మఱియొకరైనచో తొలికూర్పునే పట్టుకొని ప్రాణమున్నంతవఱకు దానిని సమర్థించుకొని యుందురు. పంతులుగారు గ్రంథమును మరల విప్పి, పెంచి, మార్చి, 1917 లో దాని మొదటి భాగమును క్రొత్తగా వెలువరించిరి. అప్పటికి వారికి అఱువదితొమ్మిదేండ్లు. మరి రెండేండ్లలో దేహము చాలించినవారు. ఉబ్బసము చిన్ననాటనుండి వారిని విడువలేదు. సభలలో ఖండనమండనములు చేసిన సింహము ఇంటిలో కూర్చుండి తన పాతవాక్యములను తానే కొట్టివేసికొనుచుండుట మాకు ఏ సభకంటెను ఘనమైన దృశ్యముగా తోచుచున్నది. 1919 లో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడినపుడు దానికి అధ్యక్షులుగా నుండుటకు ఒప్పుకొనినవారును వీరే. గ్రాంథికమున శతాధికగ్రంథములు వ్రాసినవారు డెబ్బదవయేట తమ భాషనే పరీక్షకు పెట్టిరి. (గ్రాంథికముననే వ్రాయుచున్న మేము ఈ మాట చెప్పుట వింతగా నుండవచ్చును. ఉన్నను నిజము నిజమే.)

వ్రాసినదానికి విశ్రాంతి యిచ్చుట యెట్టిదో మా యూరివారికి వేఱుగా బోధింపనక్కఱలేదు. ఆనకట్టనుండి వచ్చు కాలువనీటితో కడియమునందును కడియపులంకయందును పెరుగు మొక్కలతోటలను చూడ దేశదేశములవారు వత్తురు. తోటమాలి అంటు కట్టినపిదప దినదినమును నీరు చల్లును, నీడ చూచును. కట్టును మాత్రము విప్పి చూడడు. కొన్ని వారములు గడచి రెండు కొమ్మల బెరడులును కలిసినవని తెలిసిన తరువాతనే కట్టు విప్పును. తొందరపడినచో అంటు చచ్చును. మఱచి విడిచినచో కట్టు కొమ్మను కోసివేయును. నేడు చేతిలోని ఫోనుమీదనే వ్యాసము వ్రాసి, మఱునిమిషముననే లోకమున కంతకును పంపుటకు వీలు కలిగినది. వివేకవర్ధని కాలమున కాగితమునకును అచ్చునకును నడుమ కొన్ని దినములైనను ఉండెడివి. ఇప్పుడా కట్టు కట్టిన క్షణముననే విప్పబడుచున్నది. వేగము చెడ్డదని మేమనము; నాలుగవ జామును యంత్రము ఇయ్యదు గనుక రచయితయే దానిని మిగుల్చుకొనవలసియున్న దనుచున్నాము.

ఆంగ్లరచయితలలో గిబ్బను మహాశయుడు రోమకసామ్రాజ్య క్షీణపతనముల చరిత్రమునకు తగిన స్వరము దొరకువఱకు మొదటి ప్రకరణమును మూడుమార్లును, తరువాతి రెంటిని రెండేసిమార్లును వ్రాసెనని తానే చెప్పుకొనెను. ఆతడు ధనికుడు, అవివాహితుడు, ప్రొద్దంతయు ఆతనిదే. అట్టివాని దృష్టాంతము గృహస్థులకు ఎక్కువ పనికిరాదు. అచ్చుకూటములో పనిచేయు బాలుడైన బెంజమిను ఫ్రాంక్లిను చేసిన యభ్యాసము పనికివచ్చును. అతడు స్పెక్టేటరు పత్రికలోని ఒక వ్యాసమును చదివి, వాక్యమునకొక సూచన చొప్పున గుర్తులు వ్రాసికొని, కొన్ని దినములు దానిని ప్రక్కన పెట్టి, పిదప ఆ గుర్తులనుబట్టి వ్యాసమును తన మాటలలో తిరిగి వ్రాసి, మూలముతో సరిచూచుకొనుచుండెను. చదువుకొను ప్రొద్దు ఆతనికి పని ముగిసిన రాత్రియు, పని మొదలుకాని వేకువయు. ఈ యభ్యాసమును మేము పై తరగతులలో తెలుగు వ్యాసములతో చేయించితిమి. మొదటి నెలలో పిల్లలు విసిగిరి. రెండవ నెలలో, తాము వదలివేసిన చిన్న మాట లేక వాక్యము ఎట్లు కూలినదో వారే చూపసాగిరి.

ఇంతవఱకు చెప్పినదంతయు పురుషుల దినచర్య. దీనిని ఇంతటితో ముగించినచో సంస్కారప్రియులైన మా చదువరులకు అర్ధసత్యము చెప్పినవారమగుదుము. పంతులుగారు బడినుండి వచ్చి కలము పట్టునప్పటికి ఇంటిలో అన్నము వండి యుండెను. అదెట్లుండెను? 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినపుడు వెలికి వెఱచి వంటవారు పోయిరి, నీరు తెచ్చువారు పోయిరి. అపుడు రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి తామే నీరు మోసి తెచ్చి, తామే వండి, ఇంట చేరిన దిక్కులేని స్త్రీలకును అతిథులకును పెట్టిరి. 1910 లో ఆమె పోవువఱకు ఆ యింటి గడియారమును త్రిప్పినది ఆమెయే. పంతులుగారి గ్రంథసంఖ్యను లెక్కించి ఆశ్చర్యపడు విమర్శకులు ఆ బిందెలను ఎవరును లెక్కింపలేదు. ఒకరి నియమము మఱియొకరి పాటుమీద నిలిచియుండునపుడు దానిని ఒక్కని సుగుణముగా పొగడుట విమర్శ కాదు.

స్త్రీలును పురుషులవలెనే కవులు కాగలరని రాజశేఖరుడు ఒప్పుకొనెను. తన భార్యయైన అవంతిసుందరి యభిప్రాయములను శాస్త్రచర్చలలో పేరుపెట్టి చెప్పెను. అంత యుదారుడును స్త్రీకి దినచర్యను వేఱుగా చెప్పలేదు. చెప్పియుండినచో మొదటి జామున ఏమి వ్రాసెడివాడో! మన గృహములలో మొదటి జాము పొయ్యిది, రెండవది బిడ్డలది, మూడవది అత్తమామలది. నాలుగవ జామున పరీక్షించుటకు వ్రాసినదేది?

ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక స్త్రీ కలదు. భండారు అచ్చమాంబగారు 1874 లో, అనగా వివేకవర్ధని పుట్టిన యేడే, పుట్టిరి. పదియేండ్లకే వివాహమయ్యెను. బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమ యింట నుండి చదువుకొనుచుండగా ఆతని ప్రక్కన కూర్చుండి చదువు నేర్చుకొనిరి. పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖములోనే పలుభాషల గ్రంథములు చదివి, మన దేశపు చరిత్రలోని స్త్రీల జీవితములను ఏర్చి కూర్చి, అబలాసచ్చరిత్ర రత్నమాల యను పేర మొదటి భాగమును 1901 లో ప్రకటించిరి. చరిత్రరచన యనగా కనబడినదానిని నకలు వ్రాయుట గాదు. ఒకే స్త్రీని గూర్చి రెండు గ్రంథములు రెండు విధములుగా చెప్పినపుడు ఏది నమ్మదగినదో తేల్చుకొనవలయును. స్త్రీలు అబలలనియు, బుద్ధిహీనులనియు, చదివినచో చెడుదురనియు పలుకువారికి ఆమె కోపముతో బదులు చెప్పలేదు. చరిత్రల వరుసతో బదులు చెప్పెను. పంతులుగారి స్వీయచరిత్రములో వాదము కథను మ్రింగివేసిన చోట్లు కలవంటిమి. అచ్చమాంబగారి గ్రంథమున కథయే వాదము. ఈ యొక్క విషయమున శిష్యస్థానీయురాలు గురువును మించెనని చెప్పుటకు మేము సందేహింపము.

ఆమె తమ్ముడు లక్ష్మణరావుగారు పగలు మునగాల సంస్థానమునకు దివాను, మిగిలిన ప్రొద్దున చరిత్రకారుడు. 1906 లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలిలో ముఖ్యులైన ఆయన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, అకారము దాటకయే 1923 లో నలువదియాఱవ యేట మృతినొందిరి. ఆయన యనుకున్న పని ఒక మనుష్యుని గడియలకు మించినది. చూపు లేకపోయినను ఇతరులచేత వ్రాయించుచు రచన మానక, 1944 లో స్వీయచరిత్రమును ప్రకటించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నియమము మఱియొక విధమైనది. అది చెవి నియమము. వారి వాక్యములు ఎదుట కూర్చున్నవానికి చెప్పుచున్నట్లుండుటకు అదియే కారణమని మాకు తోచుచున్నది. వీరిరువురిని గూర్చి వేఱుగా వ్రాయవలసియున్నది.

ఇటీవల మాకు చూపుటకై వ్రాతప్రతులు తెచ్చు యువకులు, ఏ వేళ వ్రాసిన బాగుగా వచ్చునని యడుగుచుందురు. తెల్లవాఱుజామునకును నడిరేయికిని గల తారతమ్యము మాకు పెద్దగా కనబడదు. వ్రాసిన కాగితమును ఎన్ని దినములకు మరల విప్పితిరని మేమడిగినపుడు తఱచుగా మౌనమే యుత్తరము. గృహిణులైన సోదరీమణులు ఆ ప్రశ్న యడుగనే యడుగరు. వారికి వేళను ఎన్నుకొనుటయే లేదు. సాయంకాలమున ఒక్క గంట ఇంటిలో ఎవరును తనను పిలువరాదని ఒక యుపాధ్యాయిని తన వారితో ఒప్పందము చేసికొని, అత్తగారి జ్ఞాపకములనుబట్టి లంకగ్రామముల వరదలను గూర్చి వ్రాయుచున్నారు. ఆ గంటలో పొయ్యి చూచువాడు ఆమె భర్త. ఆ వ్రాత మూడవమారు దిద్దబడుచున్నది.

అచ్చమాంబగారు తమ గ్రంథమును మూడు భాగములుగా వ్రాయదలచిరి: చరిత్రలోని స్త్రీలు మొదటిదానను, వేదపురాణములలోని స్త్రీలు రెండవదానను, అన్యదేశీయ స్త్రీలు మూడవదానను. గ్రంథరచనతోపాటు ఊరూర తిరిగి స్త్రీసమాజములను పురికొల్పిరి. 1902 లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. 1905 జనవరిలో, ముప్పది యేండ్ల వయసున, మరణించిరి. మూడవ భాగము వ్రాయబడలేదు.